ఓటీ లిస్టులో ఆ ఇద్దరి పేర్లు

ప్రశ్న

చెన్నైలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో ఆర్థోపెడిక్స్ (ఎముకల వైద్యం) అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్న డాక్టర్ గారు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆనవాళ్లు తీసేసి క్లుప్తంగా ఇస్తున్నాం.

ఆయనది తిరుత్తణి వైపు పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. డిపార్ట్‌మెంట్‌లో మూడు బ్యాచ్‌లూ కలిపి పదిహేను మంది పీజీలు. అందులో తెలుగువాళ్లు ఇద్దరే, ఇద్దరూ కష్టమొస్తే ఆయన దగ్గరికే వస్తారు.

మొదటిది సెకండ్ ఇయర్ అమ్మాయి. రాయలసీమ నుంచి వచ్చింది. పదిహేను మందిలో ఆడపిల్ల తనొక్కతే. థీసిస్ గైడ్ ఈయనే. ఆమె గర్భవతి, ఇప్పుడు తొమ్మిదో వారం. సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపించే యంత్రం) కేసుల సంగతేంటని ఈయన్ని అడిగింది. ఈలోగా విషయం హెచ్‌ఓడీ (విభాగాధిపతి) చెవిన పడింది. "ఆర్థో అంటే సుత్తి పని. అమ్మాయిలు వద్దని ముందే చెప్పా. వేరే బ్రాంచికి పొమ్మని నువ్వే నచ్చజెప్పు" అన్నారాయన. ఈ రెండేళ్లలో ఆమెకి దక్కినవి ఎక్కువగా రిట్రాక్టర్ (కోతని తెరిచి ఉంచే పరికరం) పట్టుకోవడం, కుట్లు వేయడం.

రెండో అతను ఫస్ట్ ఇయర్. మన్యం నుంచి వచ్చిన గిరిజన కుర్రాడు, ఆల్ ఇండియా కోటాలో సీటు తెచ్చుకున్నాడు. వాళ్ల ఊరికి అతనే మొదటి డాక్టరు. చేరిన రోజునే సీనియర్లు "ర్యాంకెంత?" అని అడిగారు. చెప్పాక అతనికో పేరు పెట్టారు, ఇప్పటికీ అలాగే పిలుస్తున్నారు. ఎనిమిది నెలలుగా డ్రెస్సింగులు, బ్లడ్ శాంపిళ్లు, స్కాన్ డేట్ల కోసం తిరగడం, సీనియర్లకి టిఫిన్ తేవడం. ఒక్క కె-వైర్ (విరిగిన ఎముకని పట్టి ఉంచే సన్నని తీగ) కూడా వేయలేదు. వార్డు వాట్సాప్ గ్రూపంతా తమిళమే, సగం అర్థం కాదు. మొన్న నైట్ డ్యూటీలో, "సార్, నేను లేకపోయినా ఇక్కడ ఎవరికీ తేడా తెలీదు" అన్నాడట.

డాక్టర్ గారి ప్రమోషన్ కాయితాలు హెచ్‌ఓడీ బల్ల మీదున్నాయి. "డీన్ దగ్గరికి పోవాలా, నోరు మూసుకుని వాళ్లిద్దరికీ విడిగా నేర్పించాలా, హెచ్‌ఓడీ చెప్పినట్టు చెయ్యాలా? ఇంకోటి ఒప్పుకోవాలి. ఆ అమ్మాయి చేరిన రోజున 'ఆర్థోనా? డెర్మా (చర్మవైద్యం) దొరకలేదా అమ్మా?' అన్నవాణ్ని నేనే" అని ముగించారు.

సమాధానం

డాక్టర్ గారూ,

ఆ కుర్రాడు నైట్ డ్యూటీలో అన్న మాట రాసిన మరుసటి వాక్యంలోనే మీరు ప్రమోషన్ సంగతికి వెళ్లిపోయారు. ఆ మాట దగ్గర ఆగండి. తక్కినవన్నీ వారం ఆలస్యమైనా ఫరవాలేదు, ఇది ఈరోజు పని. అతన్ని వార్డు బయటికి పిలిచి, తెలుగులోనే, సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది డాక్టర్లు కూడా భయపడతారు. అలా జరగదు, అడిగితే భారం దిగుతుంది. అవునంటే ఆ రాత్రి అతన్ని ఒంటరిగా ఉంచకండి. మీ సైకియాట్రీ విభాగంలో మీరు నమ్మే మనిషికి మీరే ఫోన్ చేసి తీసుకెళ్లండి, డిపార్ట్‌మెంట్ ద్వారా రెఫరల్ పెట్టి పదిమందికీ తెలిసేలా చేయొద్దు. అక్కడికి రానంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. అది రాత్రీ పగలూ పనిచేస్తుంది, అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు. 2019లో ముంబయిలో గైనకాలజీ పీజీ చేస్తున్న ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్విని ఇలాగే పోగొట్టుకున్నాం. కులం పేరుతో సీనియర్లు వేధించారన్న ఆరోపణ దేశం చెవిన పడింది ఆమె పోయిన తర్వాతే.

ఇక మీ చిక్కు. మీరు రెండు వేర్వేరు సమస్యలుగా రాశారు, ఒకటి గర్భం, ఇంకోటి కులం. చదివితే రెండూ ఒకే చోట ముడిపడి కనిపిస్తున్నాయి. మీ డిపార్ట్‌మెంట్‌లో ఏ కేసు ఎవరికి ఇవ్వాలో ఎక్కడా రాసి లేదు. ఆ రోజు చీఫ్‌కి దగ్గరగా నిలబడ్డవాడికి, ఆయన జోకు అర్థమైనవాడికి, టీకి వెంట వెళ్లేవాడికి కేసు వెళుతుంది. ఎవరి మీదా ఎవరికీ ద్వేషం ఉండనక్కర్లేదు. టీకి పిలవని ఆడపిల్లా, జోకు అర్థంకాని మన్యం కుర్రాడూ తమంతట తామే లిస్టులోంచి జారిపోతారు. మూడేళ్ల తర్వాత "చూశారా, వాళ్లకి చేయి తిరగలేదు" అనడానికి సాక్ష్యం తయారవుతుంది. మీరు వాళ్లిద్దరికీ విడిగా నేర్పించినా అది మీ మంచితనం మీద నడిచే ఏర్పాటే. మీకు బదిలీ వచ్చిన రోజున ఆగిపోతుంది.

'కోటాలో వచ్చినవాడికి మెరిట్ లేదు' అనే వాదన గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ హెచ్‌ఓడీతో కూర్చున్నప్పుడు అది వచ్చి తీరుతుంది. ఆల్ ఇండియా కోటాలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27, ఈడబ్ల్యూఎస్‌కి 10 శాతం సీట్లున్నాయి. అవి లోపలికి వచ్చే తలుపు దగ్గరే. కోర్సు చివరి ఎమ్మెస్ పరీక్షలో కోటా లేదు, పాస్ మార్కు పదిహేను మందికీ ఒకటే. ఓబీసీ కోటా కేసులో 2022 జనవరి 20న సుప్రీంకోర్టు కూడా, పోటీ పరీక్షలో వచ్చిన మార్కులకే ప్రతిభను కుదించకూడదని చెప్పింది. కాబట్టి అతన్ని ఆ పాస్ మార్కుకి చేర్చడం డిపార్ట్‌మెంట్ పని. చేతికి డ్రిల్ ఇవ్వకుండా, మూడేళ్ల తర్వాత డ్రిల్ పట్టడం రాలేదంటే ఆ తప్పు ఎవరిది?

ఫిర్యాదు కన్నా ముందు లెక్క తీయండి. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) పీజీ లాగ్‌బుక్‌లో ప్రతి కేసుకీ నాలుగు మెట్లున్నాయి కదా: చూశాడు, సహాయం చేశాడు, పక్కన సీనియర్ ఉండగా చేశాడు, సొంతంగా చేశాడు. ఓ, ఏ, పీఏ, పీఐ. గడిచిన మూడు నెలల ఓటీ (ఆపరేషన్ థియేటర్) రిజిస్టర్ ముందు పెట్టుకుని పదిహేను మందికీ పదిహేను వరుసలు గీయండి. పేర్లొద్దు, బ్యాచ్‌తో నంబర్లు చాలు. ఎమర్జెన్సీ కేసులు విడిగా, ఎలెక్టివ్ (ముందే తేదీ వేసుకుని చేసే) కేసులు విడిగా రాయండి. పక్షపాతం ఎలెక్టివ్‌లోనే కనిపిస్తుంది, రాత్రి రెండింటికి వచ్చిన ఓపెన్ ఫ్రాక్చర్‌కి ఎవరున్నా చేయి పెట్టనిస్తారు. ఒక్క నెల లెక్క నమ్మొద్దు. ఒకరు సెలవులో ఉన్నా, ఒక యూనిట్‌కి కేసులు తక్కువ వచ్చినా అంకె తారుమారవుతుంది. ఇంకో జాగ్రత్త, లాగ్‌బుక్‌ని మాత్రమే నమ్మకండి. సిగ్గుపడే పిల్లలు తాము చేసినదాన్ని కూడా 'సహాయం' అని రాస్తారు. ధైర్యవంతులు స్క్రూ ఒకటి బిగించి 'సొంతంగా' అని రాస్తారు. ఓటీ నోట్స్‌తో సరిచూస్తేనే నిజం తేలుతుంది.

ఆ కాయితంతో మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ముందు మీ సొంత యూనిట్ లిస్టులో అమలు చెయ్యడం. దీనికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. వారంలో మీకున్న ఓటీ రోజులకి ముందురోజు సాయంత్రమే బోర్డు మీద రాసేయండి: ఏ కేసుకి ఫస్ట్ అసిస్టెంట్ ఎవరు, ఏ భాగం ఎవరు చేస్తారు. ఏ ఏడాదికి ఏ పని రావాలో కూడా, సులువు నుంచి కష్టానికి, రాయండి. ఫస్ట్ ఇయర్‌కి స్లాబ్, ట్రాక్షన్ పిన్ను, డిబ్రైడ్‌మెంట్, కాలీస్ రిడక్షన్, కె-వైర్. సెకండ్ ఇయర్‌కి పటెల్లా టెన్షన్ బ్యాండ్, ముంజేతి ప్లేటింగ్. థర్డ్ ఇయర్‌కి డీహెచ్‌ఎస్ (తుంటి దగ్గర విరిగిన ఎముకకి వేసే స్క్రూ, ప్లేటు), ఇంటర్‌లాక్ నెయిల్ (ఎముక లోపల దించే కడ్డీ), బైపోలార్ (తుంటి బంతి మార్పిడి). ఇంప్లాంట్ రిమూవల్ (పాత ప్లేట్లు, స్క్రూలు తీయడం) 'సులువు' అని ఫస్ట్ ఇయర్ వాళ్లకి వదిలేసే అలవాటు చాలా చోట్ల ఉంది. స్క్రూ తల అరిగిపోయిన లాకింగ్ ప్లేటు ఎదురైతే అది పెద్దవాళ్లకే చెమట పట్టిస్తుంది. కొత్త పిల్లవాడి మొదటి 'సొంత కేసు' అదై, విఫలమైతే, ఆ మచ్చ ఏడాది పాటు ఉంటుంది. ఈ దారిలో నష్టం ఒకటే, మీ యూనిట్ దాటాక పాత పద్ధతే. లాభం, మూడు నెలల్లో చూపించడానికి మీ దగ్గర ఒక ఫలితం ఉంటుంది.

రెండో దారి, అదే కాయితాన్ని హెచ్‌ఓడీ దగ్గరికి తీసుకెళ్లడం. "మనం వివక్ష చూపిస్తున్నాం సార్" అని మొదలెడితే ఆ గది తలుపు మూసుకుపోతుంది. "సార్, లాగ్‌బుక్కులు సరిచూశాను. ఇంతమంది పీజీలకి ఉండాల్సిన కేసులు లేవు. రేపు ఎవరైనా పరీక్షలో తప్పితే గైడ్‌గా నన్నూ, హెడ్‌గా మిమ్మల్నీ అడుగుతారు" అనండి. అది అబద్ధం కాదు. ఆ లెక్కలో అబ్బాయిలు కూడా ఉంటారు, ఇలాంటి లెక్క తీసినప్పుడు నోరు లేని మగపిల్లలు కూడా బయటపడతారు. అప్పుడిది ఆడపిల్ల గొడవగానో కోటా గొడవగానో మిగలదు.

చేయి కుదరడం గురించి చిన్న సంగతులు ఉన్నాయి, వాటినే ఎవరూ పట్టించుకోరు. మీ ఓటీలో ఏ సైజు గ్లవ్స్ ఉన్నాయో రేపు చూడండి. 7, 7.5 మాత్రమే ఉంటే 6 సైజు చేతికి వేళ్ల కొసన అర అంగుళం రబ్బరు వేలాడుతుంది. అది కె-వైర్‌కి చుట్టుకుంటే డ్రిల్ ఆగుతుంది, చూసేవాళ్లకి "ఆమె చేయి వణికింది" అనిపిస్తుంది. స్టోర్‌కి పంపే ఇండెంట్‌లో 6, 6.5 ఒక్కో పెట్టె రాయిస్తే ఆ సమస్య తీరిపోతుంది. టేబుల్ ఎత్తు ఆపరేట్ చేసే మనిషి మోచేతికి అందాలి. ఆరడుగుల చీఫ్ పక్కన నిలబడితే అది కుదరదు కాబట్టి కాళ్ల కింద మెట్టు పెట్టండి. అదీ ఆమె అడిగి తెచ్చుకునేలా కాదు, ఓటీలో ఎప్పుడూ ఉండేలా.

"బలం కావాలి" అన్నదానికి జవాబు మీ చేతుల్లోనే ఉంది. భుజం జారినప్పుడు స్టిమ్సన్ పద్ధతి చూపించండి. నొప్పి మందిచ్చి రోగిని బోర్లా పడుకోబెట్టి, చేయి కిందికి వేలాడదీసి, మణికట్టుకి దాదాపు 5 కిలోల బరువు కట్టి 15, 20 నిమిషాలు ఆగితే చాలాసార్లు కండరం అలసి కీలు దానంతటదే లోపలికి వెళుతుంది. తుంటి జారితే కెప్టెన్ మోర్గన్ పద్ధతి ఉంది. కటి భాగాన్ని బల్లకి కట్టి, డాక్టరు ఒక పాదం బల్ల మీద పెట్టి, తన మోకాలు రోగి మోకాలి కింద ఉంచి, మడమ పైకెత్తాలి. లాగే బలం పిక్కది, నడుముది కాదు. ఇవి ఆడపిల్లల కోసం పుట్టినవి కావు, నడుం నొప్పితో బాధపడే మగ సర్జన్లకి కూడా ఇవే మేలు. మీ నగరంలోనే, మద్రాస్ మెడికల్ కాలేజీలో 1968లో న్యూరోసర్జరీ ఎం.సిహెచ్. పూర్తిచేసిన డాక్టర్ టి.ఎస్. కనక ఆసియాలోనే మొదటి తరం మహిళా న్యూరోసర్జన్. అప్పుడు కూడా ఇది ఆడవాళ్ల పని కాదన్నారు.

ఇప్పుడు ఆమె గర్భం సంగతి. మొట్టమొదట, బ్రాంచి మార్చుకోమని మీరు చెప్పబోయే మాటకి అర్థం తెలుసుకోండి. పీజీలో చేరాక బ్రాంచి మార్పు లేదు, కాలేజీ మార్పూ లేదు. ఆ మాటకి అర్థం, సీటు వదిలేసి, బాండు డబ్బు కట్టాల్సి వస్తే కట్టి, మళ్లీ నీట్ పీజీ రాయడం. గర్భంతో ఉన్న మనిషికి 'నచ్చజెప్పే' విషయం కాదది. హెచ్‌ఓడీ గారితో కూడా ఇదే చెప్పండి, బహుశా ఆయన దాన్ని అంతదూరం ఆలోచించి ఉండరు.

రేడియేషన్ విషయంలో నిర్ణయం ఆమెది, ఏర్పాటు మీది. గర్భం ఉందని చెప్పిన నాటి నుంచి ప్రసవం దాకా కడుపులో బిడ్డకి చేరే మోతాదు 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) నియమం. రేడియేషన్ దగ్గర పనిచేసే తక్కిన సిబ్బందికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20. కాబట్టి మొదట అడగాల్సిన ప్రశ్న, ఆమెకి సొంత టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచేది) ఉందా? చాలా ఆర్థో విభాగాల్లో పీజీలకి ఉండదు, ఉన్నా డ్రాయర్‌లో ఉంటుంది. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని కలిసి ఆమె పేరున బ్యాడ్జి తీసుకోండి, సీసపు ఏప్రన్ లోపల పెట్టుకోవాలి. పొట్ట దగ్గర రెండోది కావాలా అనేది కూడా ఆయన్నే అడగండి.

ఆ పైన ఆమెకి మూడు వీలున్నాయి. సీ-ఆర్మ్ కేసులు ప్రసవం దాకా పూర్తిగా మానెయ్యొచ్చు. అప్పుడు నెయిలింగ్, డీహెచ్‌ఎస్ కేసుల్లో దాదాపు ఆరేడు నెలలు వెనకబడుతుంది, వాటిని తిరిగొచ్చాక ఇస్తామని ఇప్పుడే రాసిపెట్టాలి. మొదటి మూడు నెలలు మాని ఆ తర్వాత మళ్లీ ఆలోచించొచ్చు. లేదా జాగ్రత్తలతో కొనసాగొచ్చు. జాగ్రత్తలంటే ముందూ వెనకా కప్పే 0.5 మిల్లీమీటర్ల ఏప్రన్, ఎక్స్‌రే ట్యూబు ఎప్పుడూ బల్ల కిందే ఉండటం, ఫుట్ పెడల్ ఆగకుండా తొక్కకుండా ఒక్కొక్క బొమ్మే తీయడం, బొమ్మ తీసే క్షణంలో వెనక్కి జరగడం. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకి పడిపోతుంది. రెండడుగులు వెనక్కి వేసిన సర్జన్‌ని ఎవరూ పిరికిది అనకుండా చూసుకోవడం మీ వంతు. చేతుల దగ్గర బారుగా తెరుచుకునే మగవాళ్ల సైజు ఏప్రన్‌లో ఆడవాళ్లకి చంక పక్కన రొమ్ము భాగం బయటే ఉండిపోతుంది. అమెరికాలో మహిళా ఆర్థోపెడిక్ సర్జన్ల మీద చేసిన సర్వేలో రొమ్ము క్యాన్సర్ మామూలు స్త్రీలలోకన్నా ఎక్కువగా కనబడింది. గర్భం ఉన్నా లేకున్నా చిన్న సైజు ఏప్రన్ ఒకటి కొనిపించండి. ఎముక సిమెంటు కలిపేటప్పుడు మాత్రం ఆమె గదిలో లేకపోవడమే మేలు, ఆ ఆవిరి ఎందుకు పీల్చాలి?

సీ-ఆర్మ్ మానితే ఆమె ఖాళీగా ఉండాలని కాదు. చేతి టెండన్ రిపేర్లు, కార్పల్ టన్నెల్, ఆర్థ్రోస్కోపీ, షుగర్ పాదాల డిబ్రైడ్‌మెంట్లు, ఆంప్యుటేషన్లు ఉన్నాయి. వంకర పాదాల పిల్లల క్లినిక్ ఉంది. పాన్సెటి పద్ధతిలో వారానికొక కట్టు, మామూలుగా ఐదారు కట్లు, తర్వాత మడమ టెండన్ కోత. ఒక బిడ్డని మొదటి కట్టు నుంచి బూట్ల దాకా తనే చూసుకుంటే అది ఏ నెయిలింగ్‌కీ తీసిపోని చదువు. డిశ్చార్జి సమ్మరీల కుర్చీలో మాత్రం కూర్చోబెట్టకండి.

నైట్ డ్యూటీల దగ్గర తోటి పీజీలు గొణుగుతారు. అది సహజం, వాళ్లు చెడ్డవాళ్లనుకోకండి. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ ఆదేశాల్లో ఒక్క బిగువున 12 గంటలకి మించొద్దని, వారానికి 48 గంటలని ఉంది. 2024లో ఎన్‌ఎంసీ టాస్క్‌ఫోర్స్ సిఫారసు చేసింది 74 గంటలు. మీ పీజీలు వీటన్నిటినీ దాటి చేస్తున్నారని మీకూ తెలుసు. అలసిపోయిన పదిమందికి ఇంకొకరి డ్యూటీ కూడా తగిలిస్తే కోపం ఆమె మీదికే వెళుతుంది. అందుకని రూలు 'గర్భిణికి' అని రాయకండి. 'రాత్రి డ్యూటీ చెయ్యలేని స్థితిలో ఉన్న ఎవరికైనా' అని రాయండి. డెంగ్యూ వచ్చినవాడికి, కాలు విరిగినవాడికి, తండ్రి ఐసీయూలో ఉన్నవాడికి కూడా అదే వర్తించాలి. మార్చుకున్న డ్యూటీలు ఒక పుస్తకంలో రాయండి: ఆమె బదులుగా ఎన్ని పగటి డ్యూటీలు, ఎన్ని ఓపీలు చేసిందో నెలాఖరుకి గోడ మీద కనబడాలి. లెక్క కళ్ల ముందుంటే గొణుగుడు చాలా మటుకు తగ్గుతుంది.

ప్రసూతి సెలవు ఉంటుంది, అనుమతించిన రోజులు దాటితే కోర్సు అన్ని రోజులూ పొడుగవుతుంది. పరీక్ష ఒక విడత వెనక్కి జరగొచ్చు. తన బ్యాచ్‌తోనే రాయాలా, తర్వాత రాయాలా అనేది ఆమే, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని తేల్చుకోవాలి. యూనివర్సిటీ నుంచి లెక్క రాతపూర్వకంగా తెప్పించి ఆమె చేతిలో పెట్టండి, నోటి మాట మీద ఎవరూ నిలబడరు. గైడ్‌గా మీరు చూడాల్సింది థీసిస్. సెలవు నెలల్లో రోగుల ఫాలో-అప్ తెగిపోతే మొత్తం డేటా పోతుంది. కో-గైడ్‌ని ఇప్పుడే పెట్టండి. మూడు నెలల జిల్లా రెసిడెన్సీ (పీజీలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయడం) ఏ సెమిస్టర్‌లో పడుతుందో కూడా ఇప్పుడే చూడండి, ఏడో నెలలో కొత్త ఊళ్లో హాస్టల్ గది వెతుక్కునే పరిస్థితి రాకూడదు. ఆమె ఒక్కతే ఆడపిల్ల కాబట్టి డ్యూటీ రూమ్ సంగతి అడగకుండానే తెలుస్తోంది. లోపలి గడియ, పక్కనే బాత్రూమ్, వార్డు దాకా దీపాలున్న దారి, ఈ మూడూ ఉన్నాయో లేదో ఒక రాత్రి మీరే వెళ్లి చూడండి.

కుర్రాడి విషయంలో నిర్ణయం పూర్తిగా అతనిది. మీరు వివరం చెప్పండి, తొందరపెట్టొద్దు. ర్యాగింగ్ అంటే హాస్టల్లో బట్టలు విప్పించడమే అని అందరూ అనుకుంటారు. 2016లో యూజీసీ చేసిన సవరణ ప్రకారం కులం, ప్రాంతం, భాష, పుట్టిన చోటు, ఆర్థిక స్థితి, ఇలాంటి కారణాలతో తోటి విద్యార్థిని వేధించడమే కాదు, వెలివేయడం కూడా ర్యాగింగే. వైద్య కళాశాలలకి ఎన్‌ఎంసీ 2021 నిబంధనలు విడిగా ఉన్నాయి. ఫిర్యాదుని తేలిగ్గా తీసుకున్న అధ్యాపకుల మీద చర్యకి యూజీసీ నిబంధనల్లో చోటుంది, అంటే మీ మౌనానికి కూడా ఖరీదుంది.

అతను కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి రాయొచ్చు, 1800-180-5522కి ఫోన్ చెయ్యొచ్చు. విచారణ మొదలవుతుంది, సీనియర్లని పిలుస్తారు. పేరు బయటికి రాదని మాత్రం అతనికి మాటివ్వకండి. ఒకే ఒక గిరిజన తెలుగు కుర్రాడున్న చోట ఆకాశరామన్న ఉత్తరం ఎవరిదో అందరికీ తెలుస్తుంది. అందుకే ఫిర్యాదు వెళ్లే రోజుకే అతను వేరే యూనిట్‌లో ఉండాలి. పరీక్షలో కక్ష తీర్చుకుంటారని భయపడితే, ఎమ్మెస్ ప్రాక్టికల్స్‌లో కనీసం ఇద్దరు ఎగ్జామినర్లు బయటి వాళ్లని చెప్పండి. నలుగురిలో కులం పేరుతో అవమానించి ఉంటే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పోలీసు కేసు అవుతుంది. అది బలమైన దారే. అయితే ఏళ్లు పట్టొచ్చు, మధ్యలో రాజీ కోసం ఇంటి దాకా మనుషులు వెళతారు, అతని కుటుంబం దానికి సిద్ధంగా ఉండాలి. ఫిర్యాదు వద్దంటే మీ యూనిట్‌కి మార్చుకోవచ్చు. అతనికి ఊపిరి ఆడుతుంది గానీ వచ్చే ఏడాది మరో జూనియర్‌కి అదే పేరు పెడతారు, ఆ సంగతి కూడా అతనికి చెప్పండి. ఏ దారైనా ఈరోజు నుంచే తేదీ, సమయం, అన్న మాట, పక్కనున్నవాళ్లు, ఈ నాలుగూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. వాట్సాప్ మెసేజీలు చెరిపెయ్యకుండా దాచుకోవాలి.

తమిళం మాత్రం అతను నేర్చుకోవాల్సిందే. జిల్లా రెసిడెన్సీలో పక్కన ఎవరూ ఉండరు. యాభై అరవై వాక్యాలతో ఆర్థో ఓపీ నడుస్తుంది, మీకది తెలుసు, కూర్చుని రాసివ్వండి. ఎంగ వలిక్కుదు (ఎక్కడ నొప్పి), ఎప్పడి విళుందీంగ (ఎలా పడ్డారు), కాలై మడక్కుంగ (కాలు మడవండి), నీట్టుంగ (చాపండి), మరత్తుప్పోచ్చా (మొద్దుబారిందా). తెలుగువాళ్లు బోల్తా పడే చోట్లు గుర్తుచేయండి. రోగి 'ఇడుప్పు వలి' అంటే నడుమూ కావచ్చు, తుంటీ కావచ్చు, వేలు పెట్టి చూపించమని అడక్కుండా ఎక్స్‌రే రాయకూడదు. అతను ఇటు నేర్చుకుంటుంటే డిపార్ట్‌మెంట్ అటునుంచి ఒక అడుగు వేయాలి. డ్యూటీ హ్యాండోవర్, కేస్ డిస్కషన్, గ్రూపులో రోగి గురించిన ప్రతి మెసేజీ ఇంగ్లిషులో ఉండాలి. సగం అర్థమైన హ్యాండోవర్‌తో పోయేది ఒక రోగి కాలు.

ఇద్దరికీ ఫీడ్‌బ్యాక్ ఇచ్చేటప్పుడు "కాన్ఫిడెన్స్ లేదు" అనే మాట వాడకండి. ఆ మాటతో ఎవరూ ఏమీ దిద్దుకోలేరు. "డెప్త్ గేజ్ కొక్కెం అవతలి కార్టెక్స్‌కి తగలకుండానే కొలిచావు, అందుకే స్క్రూ 4 మిల్లీమీటర్లు పొట్టిదైంది, మళ్లీ కొలువు" అనండి. చేతులు కడుక్కునే సింకు దగ్గర, అదే రోజు.

మీ ప్రమోషన్. డీన్ దగ్గరికి నేరుగా వెళితే హెచ్‌ఓడీతో సంబంధం చెడుతుంది, కాయితాలు ఆలస్యం కావొచ్చు. బదిలీ కూడా రావొచ్చు, అప్పుడు పిల్లలకి మీ తోడు పోతుంది. హెచ్‌ఓడీ చెప్పినట్టు చేస్తే ఆమెని సీటు వదిలేలా నచ్చజెప్పింది గైడే అని రేపు కాయితం మీద నిలుస్తుంది. లెక్కతో హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్లి, జరిగిన మాట అదే సాయంత్రం మర్యాదగా ఈమెయిల్‌లో రాసిపెట్టడం ("ఈరోజు చర్చించినట్టు...") నిదానమైన దారి, మిమ్మల్ని కూడా అదే కాపాడుతుంది. కుర్రాడి ప్రాణానికి ముప్పు ఉన్నట్టు అనిపించిన క్షణంలో మాత్రం ఈ నిదానం పనికిరాదు. నేరుగా డీన్ దగ్గరికే వెళ్లాలి, ప్రమోషన్ ఏమైనా సరే.

చేరిన రోజున ఆ అమ్మాయితో అన్న మాట మీకింకా గుర్తుందంటే ఆమెకి కూడా గుర్తుండే ఉంటుంది. రెండు వాక్యాలు చాలు: "ఆ రోజు నేనలా అనకూడదమ్మా. తప్పు నాదే." వివరణలు ఇవ్వొద్దు, ఇస్తే మిమ్మల్ని ఓదార్చే పని ఆమె మీద పడుతుంది. ఆ తర్వాత వచ్చే ఓటీ రోజు బోర్డు మీద, మీ కేసుల్లో సీ-ఆర్మ్ అక్కర్లేనిది చూసి ఫస్ట్ అసిస్టెంట్‌గా ఆమె పేరు రాయండి. గ్లవ్స్ 6 సైజు ముందే తెప్పించండి.